నైట్ డ్యూటీ, బెల్ కొట్టవద్దు

పెద్దవాళ్లకి ఫ్లూ రావాలి. ఏడాదికోసారైనా రావాలి. వస్తే నూట మూడుకి తగ్గకుండా రావాలి!

కోపం తెచ్చుకోకండి, కాస్త ఆలోచించండి. పిల్లలకి వేసవి సెలవులున్నాయి. బ్యాంకు వాళ్లకి రెండో శనివారం ఉంది. అంతెందుకు, మన పోర్టు బయట లంగరు వేసుకున్న ఓడల్ని చూడండి. రోజుల తరబడి అలా ఊరికే పడుంటాయి. వాటిని ఎవరైనా "ఇంకా లేవలేదా?" అని అడుగుతారా? మరి నలభై దాటిన మనిషికి, అందులోనూ ఒక ఇంటిని నడిపే మనిషికి, పట్టపగలు వెల్లకిలా పడుకుని తిరిగే ఫ్యానుని చూసే హక్కు ఎవరిచ్చారు? రాజ్యాంగం ఇచ్చిందా? ఇవ్వలేదు. ఫ్లూ ఇచ్చింది!

ఇంత మంచి జబ్బుకి టీకా వేయించుకోమని కొందరు సలహా కూడా ఇస్తుంటారు. ఇంటికొచ్చే సెలవుని సూదేసి ఆపుకుంటారా ఎవరైనా?

నా మాట నమ్మకపోతే దువ్వాడ స్టేషను దగ్గర ఒక అపార్ట్‌మెంటులో రెండో అంతస్తులో ఉండే ధనలక్ష్మిని అడగండి. వయసు నలభై నాలుగు. ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో అడ్మిషన్ల కౌంటర్ చూస్తుంది. పోను రెండు బస్సులు, రాను రెండు బస్సులు. మొగుడు సింహాద్రిది స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ. కూతురు యశస్విని ఇంటర్ రెండో ఏడు. ధనలక్ష్మి పగటిపూట ఆఖరుసారి పడుకున్నది ఆ పిల్ల పుట్టినప్పుడు. పదిహేడేళ్ల తరువాత, మొన్న ఆగస్టు ముసుర్లో, సిటీ బస్సులో ఆమె పక్కన ఎవరో తుమ్మారు. ఆ పుణ్యాత్ములెవరో గానీ చల్లగా ఉండాలి.

ఆదివారం మొదలైన జ్వరం సాయంత్రానికి నూట రెండు దాటింది. సింహాద్రి కంగారుపడి ఆటో ఎక్కించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. డాక్టరు చూసి, "ఫ్లూ. మందులు రాశాను. వారం రోజులు పూర్తిగా రెస్ట్," అన్నాడు. పెళ్లైన ఇరవై ఏళ్లలో రెస్ట్ అనే మాట తనని ఉద్దేశించి ఒకరు అనగా వినడం ధనలక్ష్మికి అదే మొదలు. ఒళ్లు నొప్పులతో వంగలేకపోయింది గానీ లేకపోతే అక్కడే ఆయన కాళ్లకి దండం పెట్టేది.

ఇక ఆ మూడు రోజుల వైభోగం ఏమని చెప్పను! ఇంట్లో థర్మామీటరు దేవుడైపోయింది. గంటకోసారి పెట్టడం, అది కూయగానే ముగ్గురూ తలలు వంచి చూడటం, ఆ అంకెని ఫ్యామిలీ గ్రూపులో పెట్టడం. "అమ్మ 103.2" అని యశస్విని పెట్టగానే పాతిక దండాల బొమ్మలొచ్చాయి. గాజువాక నుంచి ఆడపడుచు ఇంద్రజ ఏడుపు బొమ్మ పెట్టింది. ఆ అంకె ఉన్నంతసేపూ ధనలక్ష్మి మహారాణి. నుదుటి మీద తడిగుడ్డ వేశారు. కాళ్లు పిసికారు. సింహాద్రి ఇరవై ఏళ్లుగా తనతో ఒకే ఇంట్లో కాపురముంటున్న కందిపప్పు డబ్బాని మొదటిసారి ముఖాముఖి కలుసుకున్నాడు. యశస్విని ఉప్మా చేస్తే చాకుతో కోసుకుని తిన్నారు. ఇదంతా ఎవరి చలవ? జ్వరం చలవ!

బుధవారం పొద్దున్న థర్మామీటరు కూసింది. తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు. అంతే, రాజ్యం పోయింది.

"తగ్గిపోనాది!" అని సింహాద్రి కేక పెట్టాడు. యశస్విని గ్రూపులో బెలూన్ల బొమ్మ పెట్టింది. థర్మామీటరు డబ్బాలోకి, డబ్బా అలమరలోకి వెళ్లిపోయాయి. తడిగుడ్డ మళ్లీ స్టవ్ తుడిచే గుడ్డయింది.

"ఒసే ధనం, తగ్గిపోనాది కదేటి. కాసింత పులుసెట్టెయ్. మూడ్రోజుల్నించీ ఆ ఉప్మా తిని నోరు సచ్చిపోనాది," అన్నాడు సింహాద్రి.

గమనించారా? జ్వరం వచ్చింది ఆమెకి, నోరు చచ్చిపోయింది ఆయనకి. దాంపత్యం అంటే ఇదే కదండీ!

"నీరసంగా ఉన్నాదండి. కాళ్లు నిలబడతం లేదు," అంది ధనలక్ష్మి.

సింహాద్రి థర్మామీటరు మళ్లీ బయటికి తీసి, పెట్టి, చూపించాడు. "సూడు. నార్మలే కదా! ఇంకా నీరసమేటి?"

ఆయన తప్పేం లేదు. మనది అంకెల కాలం. బీపీకి అంకె ఉంది, షుగరుకి అంకె ఉంది, పిల్లల తెలివికి ర్యాంకు ఉంది. పాపం నీరసానికే ఏ అంకే లేదు. కూత పెట్టి చెప్పే మిషనే లేదు. నూట మూడు జ్వరాన్ని గ్రూపులో పెట్టొచ్చు. "అమ్మకి హాల్లోంచి వంటింట్లోకి నడవటానికి పదకొండు అడుగులు పడితే, ఏడో అడుగు దగ్గర ఫ్రిజ్ పట్టుకుని నిలబడిపోయింది" అని పెడితే దానికి ఏ బొమ్మ పెడతారు? సింహాచలం మెట్లెక్కినట్టు ఆయాసపడుతూ ఆమె ఆ పదకొండు అడుగులూ వేసి, గట్టు పట్టుకుని నిలబడి, పులుసు పెట్టింది. బాగా కుదిరిందని అందరూ మెచ్చుకున్నారు కూడా.

పైవాటాలో ఉండే తాయారుది గోదావరి జిల్లా. మనిషి మంచిది. మెట్ల మీద ఎదురై, "పడుకునే కొద్దీ నీరసమే వస్తుందండీ. లేచి నాలుగు పనులు చేసుకున్నారనుకోండి, అదే పోద్ది," అని వైద్యం చెప్పింది. ధనలక్ష్మి ఆ నాలుగు పనులూ అప్పటికే చేసేసి, అయిదో పని మీద బట్టల బకెట్టు పట్టుకుని మేడ మీదికి వెళ్తోంది.

మధ్యాహ్నం కోచింగ్ సెంటర్ నుంచి మేనేజరు జగ్గారావు ఫోన్. "మేడమ్, ఆరోగ్యం ముఖ్యం. మీరు రెస్ట్ తీసుకోండి. చిన్న డౌటు..." ఆ రోజు అలాంటి చిన్న డౌట్లు పద్నాలుగొచ్చాయి. పద్నాలుగోసారి, "శనివారం డెమో క్లాసులు, కౌంటర్లో మీరు లేకపోతే కష్టం. జొరం తగ్గిపోనాదంట కదా!" అన్నాడు. ఆ బెలూన్ల బొమ్మ ద్వారకా నగర్ దాకా ఎగిరిందన్నమాట.

గురువారం పలకరింపులు. జ్వరం ఉన్నప్పుడు ఎవరూ రాలేదు, అంటుకుంటుందని. తగ్గిందని తెలిశాక వచ్చారు. ఒకరు బ్రెడ్డు తెచ్చారు, ఒకరు ఆపిల్స్, ఇంద్రజ కొబ్బరిబోండాలు. బెల్ కొట్టిన ప్రతిసారీ ధనలక్ష్మి లేచి తలుపు తీసింది. ప్రతివాళ్లూ, "అయ్యో, నువ్వెందుకు లేచావు, పడుకో, పడుకో," అన్నారు. అని, కూర్చున్నారు. కూర్చున్నాక టీ ఇవ్వకపోతే ఏం బావుంటుంది? పాలు రెండుసార్లు తెప్పించాల్సి వచ్చింది. "మనిషి సగమైపోనావు, ఒల్లు సూస్కో వదినా," అని ఇంద్రజ టీలో మరో చెంచా పంచదార అడిగింది.

సాయంత్రం ఏడో కప్పు కడుగుతుంటే సింకు దగ్గర ధనలక్ష్మికి ఏడుపొచ్చింది. ఎవరి మీదా కోపం లేదు. ఎవరూ ఒక్క చెడ్డమాట అనలేదు కూడా. అదే పెద్ద చిక్కు. ఆమెకి కావలసింది ఒక్కటే, ఎవరూ లేపకుండా ఒక్కరోజు నిద్ర. శనివారం రెండు బస్సులెక్కాలి. మిగిలింది శుక్రవారం ఒక్కటే. ఆ శుక్రవారం బెల్ మోగకుండా ఎలా ఆపాలి?

ఇక్కడ స్టీల్ ప్లాంట్ ఇళ్ల ఆచారం ఒకటి మీకు చెప్పాలి. నైట్ డ్యూటీ వారంలో మగాడు పొద్దున్న ఏడింటికి ఇంటికొచ్చి పడుకుంటాడు. అప్పుడు గుమ్మానికి ఒక అట్టముక్క వేలాడుతుంది. సింహాద్రి ఇంటి అట్టముక్క పాత క్యాలెండరు వెనకవైపు, దాని మీద ఎర్ర స్కెచ్‌పెన్నుతో "నైట్ డ్యూటీ, బెల్ కొట్టవద్దు". పంతొమ్మిదేళ్ల కిందట ఆయన స్వయంగా రాసుకున్నాడు. అది వేలాడిందంటే ఆ అపార్ట్‌మెంటు గుడి కన్నా నిశ్శబ్దం. పిల్లలు మెట్ల మీద దూకరు. కరెంటు బిల్లు తలుపు సందులోంచి లోపలికి జారుతుంది. చదువు రాని వాళ్లకి కూడా ఆ ఎర్ర అక్షరాలు అర్థమవుతాయి. నిద్రని ఇంతగా గౌరవించే ఊరు దేశంలో ఇంకెక్కడుంది చెప్పండి!

ఆ వారం సింహాద్రికి పొద్దుటి షిఫ్టు. శుక్రవారం తెల్లవారే క్యారేజీ పట్టుకుని వెళ్లిపోయాడు. ఎనిమిదింటికి యశస్విని కాలేజీకి వెళ్లింది. ధనలక్ష్మి తలుపు వెనక మేకుకున్న అట్టముక్క తీసింది. కాసేపు చేతిలో పట్టుకుని నిలబడింది. తరువాత బయట గుమ్మానికి తగిలించి, తలుపు వేసుకుని, ఫోను తీసుకెళ్లి బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించి, పడుకుంది.

పదింటికి చేపల చిట్టెమ్మ తట్టతో వచ్చింది. ఆమె కేకకి వీధి చివర కుక్కలు కూడా లేస్తాయి. ఆ రోజు గుమ్మం దగ్గర, "సేపలమ్మా..." అని మొదలుపెట్టి అక్కడే మింగేసింది. "ఓలమ్మ, బాబు డ్యూటీ సేసొచ్చి తొంగున్నాడు," అని తనలో తను అనుకుంటూ మునివేళ్ల మీద దిగిపోవడం ధనలక్ష్మికి సగం నిద్రలో వినిపించింది. పైన తాయారు ఇంట్లో కుక్కరు ఒక్క విజిల్ వేసి ఆగిపోయింది. "ష్, కింద అంకుల్ పడుకున్నారర్రా," అని ఎవరో పిల్లల్ని కసిరారు. పరామర్శకని రెండోసారి వచ్చిన ఇంద్రజ అట్టముక్క చూసి, ఆపిల్స్ సంచి గుమ్మానికి తగిలించి వెళ్లిపోయింది. ధనలక్ష్మి పక్కకి ఒత్తిగిల్లి, పదిహేడేళ్ల బాకీ నిద్రలోకి జారిపోయింది.

పావుతక్కువ మూడింటికి సింహాద్రి డ్యూటీ దిగి ఇంటికొచ్చాడు. బెల్ మీద చెయ్యి పెట్టబోయి అట్టముక్క చూశాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. బూట్లు విప్పి చేత్తో పట్టుకున్నాడు. చప్పుడు కాకుండా మెట్లు దిగి, కింద వాచ్‌మన్ కుర్చీలో కూర్చున్నాడు.

నాలుగింటికి పాల ప్యాకెట్టు కోసం కిందికి దిగి తాయారు ఆయన్ని చూసింది. "ఏంటన్నయ్యగారూ, ఇక్కడ కూర్చున్నారు?" అంది.

"సిన్నగా మాటాడండి. లోన నైట్ డ్యూటీ సేసొచ్చి తొంగున్నారు," అన్నాడు సింహాద్రి.

"ఎవరండీ?"

సింహాద్రి నోరు తెరిచాడు. ఆ ఇంట్లో నైట్ డ్యూటీ చేసేది ఒక్కడే. ఆ ఒక్కడూ ఇక్కడ బూట్లు పట్టుకుని కూర్చున్నాడు. పాపం, ఆయనకి లెక్క తేలడానికి ఇంకో నిమిషం పట్టింది.

జేబులో ఉన్న రెండో తాళంచెవితో తలుపు తీసుకుని లోపలికి వెళ్లేసరికి ధనలక్ష్మి మంచం మీద కూర్చుని ఆపిల్ కోసుకుంటోంది. మొహం తేటపడింది.

"నువ్వా తొంగున్నావు! నా బోర్డెట్టీసి! ఓ మాట సెప్తే మేం సప్పుడు సేత్తామేటి?" అన్నాడు.

"సెప్పాను. బుధవారం నించీ సెప్తన్నాను. నాను సెప్తే ఇనపడనేదు, ఆ అట్టముక్క సెప్తే ఇనపడ్డాది," అంది ధనలక్ష్మి. సింహాద్రి బూట్లు ఇంకా చేతిలోనే ఉన్నాయి. వాటిని కింద పెట్టి, వంటింట్లోకి వెళ్లి, టీకి నీళ్లు పెట్టాడు.

అందుచేత పాఠకులారా, మొదట్లో నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఫ్లూ అక్కర్లేదు. ఇంటి ఆడమనిషికి ఒక పూట నిద్ర కావాలంటే, ఆ నిద్ర ఒక మగాడిదని ఊరంతా అనుకుంటే చాలు!

చీకటి పడే వేళకి తాయారు మెల్లగా వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. బెల్ కొట్టలేదు. ధనలక్ష్మి చూసి లోపలికి రమ్మంటే రాలేదు.

"ఆ బోర్డు రేపొక్కరోజు ఇస్తారేంటి వదినగారూ? మా ఆయనది బ్యాంకండీ, నైట్ డ్యూటీ ఉండదు. అయినా ఎవరు చూడొచ్చారు లెండి," అంది.

ధనలక్ష్మి అలవాటుగా ఆమె నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. చల్లగానే ఉంది.

"జొరమేటి వదినా?"

"లేదండీ. నార్మలేనండీ," అంది తాయారు.

ధనలక్ష్మి అట్టముక్క తీసి ఆమె చేతిలో పెట్టింది.