తాబేలు అవ్వ ఉమ్మి

ఒక పెద్ద అడవిలో జంతువులు గొంతులో గడ్డ లేచి చచ్చిపోతున్నాయి. దానికి కారణం ఒక వైరస్ అనీ, అది జత కూడినప్పుడు అంటుకుని ఏళ్ల తరబడి కిక్కురుమనకుండా దాక్కుంటుందనీ కొంగ డాక్టరమ్మ తేల్చింది.

"పొరుగడవి నుంచి టీకా తెప్పిద్దాం. కానీ అది ఇంకా అంటనివాళ్లకే పనిచేస్తుంది. ఎంతమందికి అంటిందో ముందు లెక్క తేలాలి. ఇంటికొకరు దొప్పలో ఉమ్మి తెచ్చివ్వండి," అంది.

"మనది మర్యాదస్తుల అడవి," అన్నాడు అధ్యక్షుడు ఏనుగు. "అయినా ఇవ్వండి."

లేడి వాళ్ల అక్క ఆ గడ్డతోనే పోయింది. అందుకే లేడి అందరికంటే ముందు తన ఉమ్మి ఇచ్చేసి, టీకా ఎప్పుడొస్తుందా అని దారి చూస్తూ కూర్చుంది.

మిగతావాళ్లకు గుబులు పట్టుకుంది. ఉందని తేలితే పిల్లల సంబంధాలేం కాను? నెమలి వదిన దొప్ప తీసుకుని తిన్నగా తాబేలు అవ్వ దగ్గరికెళ్లింది. అవ్వ చిప్పలోంచి తల బయటపెట్టదు, ఎవరితోనూ కలవదు. అంత పవిత్రురాలు అడవిలో లేదని పేరు.

"అవ్వా, ఇందులో కాస్త ఉమ్మవూ?"

"ఎందుకే?"

"మా ఇంటి పరువు కోసం."

అవ్వ ఉమ్మింది. నెమలి వెనకే కుందేలు వచ్చింది, కుందేలు వెనక ఎలుగుబంటి. చూస్తుండగానే వరస వాగు దాటింది. చివర్లో ఏనుగు కూడా నిలబడ్డాడు.

"నోరెండిపోతోందర్రా!" అంది అవ్వ.

కోతి పుల్లమామిడి ముక్క చూపించి నోరూరించింది. పని సాగింది.

ఫలితం వచ్చింది. లేడికి తప్ప అందరికీ ఉంది!

సభలో అందరూ నేలచూపులు చూశారు. 'అది నా ఉమ్మి కాదు' అనే ధైర్యం ఒక్కరికీ లేదు.

"నీకెలా అంటింది అవ్వా?" అని నెమలి పళ్లు నూరినంత పని చేసింది.

"నేనేం పుడుతూనే అవ్వనా?" అంది తాబేలు.

"డాక్టరమ్మా, నీకు అనుమానమైనా రాలేదా?" అని ఏనుగు గొణిగాడు.

"లెక్కపెట్టడం వరకే నా పని. అందరికీ అంటేసింది కాబట్టి టీకా దండగ. వద్దని కబురు పంపేశాను."

లేడి లేచి నిలబడింది. "నాకు అంటలేదు కదయ్యా! నా ఒక్కదానికైనా తెప్పించండి."

ఏనుగు దాన్ని ఎగాదిగా చూశాడు. "అడవంతటికీ ఉన్నది నీకు లేకుండా ఎలా పోయింది? నిజం చెప్పు, ఎవరి ఉమ్మి తెచ్చావు?"

"అదీ, అలా అడగండి!" అంది నెమలి.

లేడి మోసగత్తె అని సభ ఏకగ్రీవంగా తీర్మానించింది.

నీతి: నిజాయితీగా ఉండదలిస్తే ముందు నలుగురినీ అడిగి ఉండండి.