అలసట మీద మీటింగు

ఆ రోజు నర్సు కౌసల్యకు ఆఫ్. ఆరు రోజుల డ్యూటీ, అందులో రెండు డబుల్, చేశాక దొరికిన ఆఫ్. కూతురు సృజనను మెదక్‌లో పదకొండు గంటల సికింద్రాబాద్ బస్సు ఎక్కించాలి. పిల్ల మొదటి ఉద్యోగానికి వెళుతోంది. అది హాస్టల్‌కు వెళ్లిన రోజు తన డ్యూటీ అందుకోవాల్సిన రిలీవర్ రాలేదు. డిగ్రీకి వెళ్లిన రోజు వార్డులో నలభై మందికి కౌసల్య ఒక్కతే. కన్నతల్లి కన్నుమూసిన పూట కూడా ఆమె ఎవరికో సెలైన్ ఎక్కిస్తూనే ఉంది. ఈసారి తప్పకూడదనుకుంది.

ఎనిమిదిన్నరకు ఆసుపత్రి మేనేజర్ చంద్రకాంత్ ఫోన్ చేశాడు.

"సిస్టర్, తొమ్మిదింటికి మీటింగు. నర్సులు ఎందుకు అలిసిపోతున్నరో తెలుసుకోవాలె. తప్పకుండ రావాలె."

"నాకు ఆఫ్ సార్."

"అందుకే పిలుస్తున్న. డ్యూటీల ఉన్నోళ్లకు టైమెక్కడిది?"

సృజన బ్యాగు సర్దుతూ తలెత్తింది. "ఈసారన్న వస్తవా అమ్మా?"

"అర్ధగంటే బిడ్డా. నువ్వు బస్టాండుకు పో, నేను గట్లనే వస్త."

ఆసుపత్రి గుమ్మంలో ఒకే రిజిస్టరు ఉంది. కౌసల్య సంతకం పెట్టింది. మీటింగుకు వేరే రిజిస్టరు పెట్టలేదు కాబట్టి అది డ్యూటీ సంతకమైంది. మేట్రన్ యాదలక్ష్మి అది చూసింది.

"డ్యూటీకి వచ్చినవు గదా, ఆడవాళ్ల వార్డు చూసుకో. అక్కడున్న నిస్సిని మీటింగుకు పంపుత."

"మేడం, నేను వచ్చిందే మీటింగుకు."

"ఆ పిల్ల రాత్రి నుంచి నిలబడే ఉన్నది. అలసట గురించి అదే మంచిగ చెప్తది."

నిస్సి చార్జి పుస్తకం అప్పగించి వెళ్లింది. ఇంకొకరు సంతకం పెట్టేదాకా పుస్తకం తీసుకున్నవారు వార్డు వదలకూడదు. పదింటికి మీటింగు నుంచి కౌసల్యకు నలభై ప్రశ్నల ఫారం వచ్చింది. "డ్యూటీలో ఎన్నిసార్లు కూర్చుంటారు?" అని మొదటి ప్రశ్న. నిలబడే జవాబు రాసి, మీటింగు హాల్లో ఉన్న చంద్రకాంత్‌కు ఫోన్ చేసింది.

"అయిపోయిందా సార్?"

"కారణాలింక దొరకలే సిస్టర్."

పదిన్నరకు ఏడో బెడ్డు సాబెరా ఆమె చెయ్యి పట్టుకుంది. "ఎందుకింత పరేషాన్ అయితున్నవు బేటీ?"

"నా బిడ్డ పోతున్నది ఖాలా. పదకొండింటికి బస్సు."

"మరి పో."

"మీ సెలైన్ ఎవరు చూస్తరు?"

"నర్సులందరు గా హాల్లనే ఉన్నరు గదా. ఒకామెను గుంజుకరా."

కౌసల్య ఆయాను సెలైన్ల దగ్గర కాపలా ఉంచి, పుస్తకం చంకలో పెట్టుకుని హాల్లోకి నడిచింది. చంద్రకాంత్ మాట్లాడుతున్నాడు. మొదటి వరుసలో నిస్సి నోరు తెరిచి నిద్రపోతోంది. ఆమెను లేపకుండా కౌసల్య పుస్తకాన్ని యాదలక్ష్మి ఒళ్లో పెట్టింది.

"పద్నాలుగు మంది మేడం. మూడు సెలైన్లు. ఏడో బెడ్డుకు పదకొండింటికి ఇంజెక్షన్. సంతకం పెట్టుండ్రి."

"నేనా?"

"మీరు గూడ నర్సే గదా."

"సిస్టర్, మీటింగు నడుస్తున్నది" అన్నాడు చంద్రకాంత్.

"కారణాలు దొరకలేదన్నరు గద సార్. మీరు మాట్లాడుండ్రి, దొరుకుతయి. నేనైతే పోతున్న."

హాలంతా యాదలక్ష్మి పెన్ను వైపే చూసింది. అందరూ చూస్తుంటే ఆమె సంతకం పెట్టక తప్పలేదు.

ఆటో దిగేసరికి బస్సు ఇంకా ఉంది. "రెండు నిమిషాలున్నది, కూసో అమ్మా" అంది సృజన. కౌసల్య బస్సెక్కి కూతురి పక్కన కూర్చుంది. పొద్దుట్నుంచి కుదురుగా కూర్చోవడం అదే మొదలు.

కళ్లు తెరిచేసరికి బస్సు ఊరు దాటి చాలాదూరం వచ్చేసింది, కండక్టర్ "చేగుంట" అంటున్నాడు. తల కూతురి భుజం మీద ఉంది.

"లేపకపోతివి?"

"లేపితే డ్యూటీకి పోతవని లేపలే."

ఫోన్‌లో ఆసుపత్రి నుంచి పదిహేడు మిస్డ్ కాల్స్. కౌసల్య దాన్ని స్విచాఫ్ చేసింది.

"ఈడ దిగుతరా అమ్మా?" కండక్టర్ అడిగాడు.

"దిగ. ఇంక నిద్రున్నది" అని తల మళ్లీ కూతురి భుజం మీద పెట్టింది.

మెదక్ బస్టాండులో కూతురిని బస్సెక్కించడానికి పోయిన కౌసల్య తిరిగి ఇంటికి చేరేసరికి రాత్రి ఎనిమిదయింది.