పురుగులను యథాస్థితిలో ఉంచవలెను

భూమ్మీద మూడు వంతులు నీరే కనుక, ఆ నీటిలో పుట్టే పురుగులకు సైతం ఒక సర్కారీ కార్యాలయం ఉండి తీరాలని కనిపెట్టిన మొదటి జాతి మనదే. చరిత్రకారులు ఈ సంగతి ఇంకా రాయలేదు. (వాళ్ల దరఖాస్తు కూడా పరిశీలనలో ఉన్నదేమో.) ఆ కార్యాలయం పేరు జలకీటక ఉపద్రవ నివారణ ఉపశాఖ. టెక్కలిలో ఒక నూనె మిల్లు మేడమీద ఉండేది. మెట్లెక్కినవాడికి ముందు తెలకపిండి వాసన తగిలేది, ఆ తరువాత ప్రభుత్వం తగిలేది.

అపరాల వ్యాపారి గోవిందరావుకు ఆ మెట్లెక్కే పని పందొమ్మిది వందల అరవై ఎనిమిది ఎండాకాలంలో పడింది.

అంతకు ముందు ఏడు విశాఖపట్నంలో ఓడల కంపెనీ దొర ఒకడు సామాను వేలం వేసి తన దేశం వెళ్లిపోయాడు. గోవిందరావు గోడగడియారం కోసం వెళ్లాడు. దాన్ని వేరెవరో పాడుకున్నారు. ఒట్టి చేతులతో రావడం మనసొప్పక అద్దాల తొట్టె ఒకటి పాడుకుని వచ్చి, అది దేనికో తెలియక కొన్నాళ్లు ధనియాలు పోసి ఉంచాడు. భార్య కమలాదేవి ధనియాలు తీయించింది. సంతరోజున వీళ్ల కొట్టుకు వచ్చే భావనపాడు జాలరి సూరయ్య చేత సముద్రపు నీళ్లు, ఇసుక, నాచు పట్టిన రాయి, ఒక చేప తెప్పించింది. నీళ్లు మార్చడానికి సూరయ్య సైకిలు మీద డబ్బాలు వస్తూ ఉండేవి. చేప అరచేతిలో సగం ఉంటుంది. పసుపు ఒంటి మీద నల్లచారలు. తినడానికి పనికిరాదని సూరయ్య చెప్పిన తరువాతే ఆ ఇంట్లో దానికి చోటు దొరికింది.

ఎందుకంటే అది నీచు తగలని ఇల్లు. ఈగనైనా విసనకర్రతో వీధి గుమ్మం దాకా సాగనంపుతారు గాని చంపరు. చేప కూడా ఆ ఇంటి ఆచారంలోకి వచ్చేసింది. పొద్దున్న నెయ్యి వేసిన పప్పన్నం, సాయంత్రం దేవుడికి పెట్టిన వడపప్పు. అది తిన్నంత తినేది, తక్కినది ఇసుకలో కుళ్లేది. (చుట్టం విస్తట్లో కొంత మిగిల్చితేనే కడుపు నిండినట్టు అని ఆ ఇంటి నమ్మకం.)

ఒకనాడు లోపలి అద్దానికి కందిపొట్టు అంటుకుని కనబడింది. గోవిందరావు వృత్తిరీత్యా దాన్ని కందిపొట్టే అనుకున్నాడు. కందిపొట్టు మెల్లిగా పక్కకు జరిగింది. కొద్ది రోజులకు రాయి కనబడలేదు, ఇసుక కనబడలేదు. ఎటు చూసినా ఇటుకరంగులో, బల్లపరుపుగా, పొట్టు పొట్టుగా పాకే పురుగులే. చేప మూలకు చేరి రొప్పుతూ, పప్పన్నం వంక చూడడం మానేసింది.

"ఏటండీ, సూసేరా? అది సచ్చిపోతాది," అంది కమలాదేవి.

"నన్నేటి సెయ్యమంతావే?"

"ఆ పురుగుల్ని తియ్యండి. తియ్యకపోతే సేపనట్టుకుని మా అమ్మోలింటికి ఎలిపోతాను."

"తీస్తే పురుగులు సస్తాయి కదే."

"తియ్యకపోతే సేప సస్తాది కదా."

చిక్కల్లా అక్కడే ఉంది. చేప చచ్చినా పాపమే, పురుగు చచ్చినా పాపమే. గోవిందరావు కొట్లో కూర్చుని రెండు పాపాలనూ తూచి చూశాడు, మూడో దారి తోచింది. సర్కారు చేత చంపిస్తే పాపం సర్కారుకు పోతుంది. సర్కారుకు ఎలాగూ పైలోకం లేదు. ఊళ్లో దోమల్ని మందు కొట్టించి చంపింది ఇలాగే. ఒక్కరికీ మైల అంటలేదు.

కనుక మేడ ఎక్కాడు. ఉపద్రవాధికారి నరసింగరావు గారు మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు గాని, దాని మీద ఫైళ్లుండడం వల్ల గోవిందరావు నిలబడ్డాడు.

"పురుగులు ఏ నీటివి సావుకారు గారూ?"

"సముద్రం నీటివండి."

"సముద్రం ఎక్కడుంది?"

"మా వీధిగదిలోనండి."

నరసింగరావు గారు కలం ఆపి ఆలోచించాడు. సముద్రం ఇంట్లో ఉన్నప్పుడు ఆ ఇల్లు తీరప్రాంతం కిందికి వస్తుందని నిర్ణయించాడు. అప్పటినుంచి కాగితాల మీద గోవిందరావు తీరప్రాంత వాసి. (తుఫాను హెచ్చరికలు విడిగా వచ్చేవి.)

పురుగులకు పొడుగుంది, వెడల్పుంది, దళసరి మాత్రం లేదు. దళసరి లేని ప్రాణిని ప్రాణిగా గుర్తించడానికి పైనుంచి ఉత్తర్వు కావాలన్నారు. ఆ ఉత్తర్వు వచ్చేలోగా ఇంకో ఉత్తర్వు వచ్చింది. 'తనిఖీ ముగియువరకు పురుగులను యథాస్థితిలో ఉంచవలెను. తగ్గినచో సాక్ష్యమును రూపుమాపినట్లును, పెరిగినచో అనుమతి లేక పెంచినట్లును భావించబడును.'

దానితో ఆ ఇంట్లో పురుగులకు కాపలా పెరిగింది. కమలాదేవి తొట్టె దగ్గరికి వెళ్తే గోవిందరావు దగ్గేవాడు. పురుగులు సవ్యంగా ఉన్నాయో లేదో చూడడానికి ఆఫీసు జవాను కూర్మయ్య వచ్చాడు. దళసరి సంగతి తానే తేల్చుకుందామని ఒకదాన్ని బ్లేడుతో మధ్యకు కోశాడు. రెండు సగాలూ కాసేపు ఆలోచించి చెరో దారిన పాకిపోయాయి.

కూర్మయ్య బ్లేడు జేబులో పెట్టేసుకున్నాడు. "బాబూ, నాను రాలేదనుకోండి. పెంచిన నేరం నా నెత్తి మీదకొస్తాది," అని వెనకగుమ్మం గుండా వెళ్లిపోయాడు.

చేప పక్కకు ఒరిగి ఈదడం మొదలుపెట్టిన రోజున కమలాదేవి మొగుడు కొట్టుకు వెళ్లేదాకా ఆగింది. కిరసనాయిలు లాగే రబ్బరు గొట్టం లాంటిది కొత్తది ఒకటి తెప్పించింది. ఒక కొస తొట్టెలో, ఒక కొస కుండలో పెట్టి, పురుగుల్ని నీటితో పాటు లాగేసింది. అద్దం తుడిచింది. రాయి బయట పారేసింది. సూరయ్య తెచ్చిన కొత్త నీళ్లు పోసి, కుండ అతని చేతికే ఇచ్చింది. పప్పన్నం మాన్పించింది. నాలుగు రోజులు తిరిగేసరికి చేప నిటారుగా ఈదుతూ ఆమె వేలు వెంట తిరగసాగింది.

గొట్టం పెట్టిన రోజు సాయంత్రమే గోవిందరావు ఇంటికొచ్చి తొట్టె చూశాడు.

"ఎంత పని సేసినావే. సంపేసినావా?"

"సంపనేదు. ఎక్కడినుంచొచ్చినాయో అక్కడికే అంపినాను. సూరయ్య సముద్రంలో ఒదిలేస్తాడు."

పాపం లేదు, చేప బతికింది. అంతా బాగున్నట్టే. అయిదో రోజున, గురువారం తనిఖీకి వస్తున్నట్టు నరసింగరావు గారి కబురు వచ్చింది.

గోవిందరావు పరుగున వీధిగదిలోకి వెళ్లాడు. తొట్టె తళతళలాడుతోంది. ఇంతకు మించిన నేరం ఆ ఉపశాఖ చరిత్రలో లేదు. సూరయ్యను పిలిపించాడు.

"ఒరే సూరయ్యా, ఆ పురుగుల్ని మళ్లీ తేవాలిరా."

"ఏ పురుగులు బాబూ?"

"మావిరా."

"సముద్రంలో కలిపేసినాను గదా బాబూ. పేరెట్టి పిలిస్తే ఒస్తాయేటి?"

"ఏవో ఒకటి తే. పొట్టులాగ ఉండాల."

సూరయ్య బుధవారం మరో రాయి తెచ్చాడు. దాని నిండా పొట్టే. వీధిగుమ్మంలో దాన్ని చూసి కమలాదేవి మొగుడి వంక తిరిగింది.

"దీన్ని అందులో ఎట్టేస్తారా?"

"ఒక్క రోజేనే. ఆఫీసరు సూసి ఎలిపోగానే తీసేద్దారి."

"ఆయన ఎప్పుడు ఎల్తాడో మీకు తెలుసా?"

గోవిందరావుకు తెలియదు. అది ఉపశాఖకు కూడా తెలియదు. అతను చూస్తూ ఉండగానే ఆమె ఊరగాయ జాడీ కడిగి, సముద్రపు నీళ్లు పోసి, చేపను అందులోకి దింపి, మూతికి పలచని గుడ్డ కట్టింది. జాడీ చంకనెత్తుకుని పూండి బస్సు ఎక్కింది. పూండిలో వాళ్లమ్మగారిల్లు, సముద్రం దగ్గర. గోవిందరావు బస్సు కిటికీ పట్టుకుని నడిచాడు.

"ఎప్పుడొస్తావే?"

"పురుగులు ఇల్లు కాళీ సేసినాక కబురెట్టండి," అంది ఆమె, జాడీ కుదురుగా ఒళ్లో పెట్టుకుంటూ.

గురువారం రావలసిన నరసింగరావు గారు గురువారమే వచ్చాడు. (ఉపశాఖలో ఇలా జరగడం అదే మొదలు.) అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు చూశాడు.

"బాగున్నాయి. ఒంటికి తగ్గ రంగు కూడా వచ్చింది," అన్నాడు. "చేప ఏదీ?"

"పుట్టింటికెళ్లిందండి."

"చేపా?"

"మా ఆవిడండి. చేప కూడానండి."

నరసింగరావు గారు తల ఊపి, రాసుకుని, మజ్జిగ తాగి వెళ్లాడు. పక్షం తిరక్కుండానే కూర్మయ్య ఉత్తర్వు తెచ్చాడు. 'చేప లేనందున పురుగుల వలన ఎవరికిని ఉపద్రవము లేదు. ఇల్లాలు లేనందున వాటిని తీయుమని అడుగువారును లేరు. ఇకమీదట సదరు పురుగులకు ఇబ్బంది కలిగించువారు శిక్షార్హులు. ఫిర్యాదు పరిష్కరించబడినది. ఫిర్యాదుదారు తాను సంతృప్తి చెందినట్లు సంతకము చేయవలెను.'

"సెయ్యకపోతే ఏటవుతాది కూర్మయ్యా?" అని అడిగాడు గోవిందరావు.

"మళ్లీ తనికీకొస్తారు బాబూ," అన్నాడు కూర్మయ్య, తొట్టె వంక చూడకుండా.

కూర్మయ్య వేలు పెట్టి చూపించిన చోట గోవిందరావు సంతృప్తి చెందాడు.