మూతల మోత

ఎసినాతి తన భర్త జొనాసి సంచీని ప్రయాణానికి వారం ముందే సర్దేసింది. ఆమె అలవాటే అంత. ఇంట్లో మనిషి బస్సెక్కుతాడంటే ఆమెకు నిద్ర పట్టదు, చేతులకు ఏదో ఒక పని ఉండాలి. అడుగున ఉన్ని కోటు, దాని మీద ఎంబీరా అనే ఇనుప మీటల వాయిద్యాన్ని లోపల పెట్టి వాయించే సొరబుర్ర, పక్కన వేయించిన వేరుశనగల పొట్లం. మధ్యలో ఒకరోజు జొనాసి ఆ సొరబుర్రను పట్టుకెళ్ళి, స్టూడియోలో పాట రికార్డు చేయించుకుని, తెచ్చి మళ్ళీ అందులోనే పెట్టాడు.

ఈ ఉదయం పని చిన్నదే. ఎంబారే పేటలోని ఆ స్టూడియోలో పాట తీసుకోవాలి. అతను అక్కడి నుంచే గోక్వే ఊరికి బస్సెక్కాలి, ఆమె పాటతో ఇంటికి రావాలి. మనిషి లేనప్పుడు అతని వాయిద్యమైనా ఇంట్లో వినబడాలని ఆమె పంతం.

స్టూడియో అంటే మంగలి దుకాణం వెనక గది. రికార్డు చేసిన పాటలకు చివరి మెరుగు పెట్టే బ్లెస్‌మోర్ మీట నొక్కాడు. కాసేపు వినేసరికి ఎసినాతి మొహం ఎర్రబడింది.

"మా ఆయన్ని ఏం చేశావు?"

"ఇక్కడే కూర్చున్నాడు కదా అమ్మమ్మా."

"ఆ పెట్టెలో ఉన్నాయన్ని అడుగుతున్నా. సొరబుర్ర అంచుకి కట్టిన సీసా మూతల మోత ఏది? అవి జుమ్మనకపోతే పోయిన మా పెద్దల ఆత్మలు దిగిరావు. పనికిరాని చప్పుడనుకుని కడిగేశావు, అంతేగా?"

"నేనేం కడగలేదు. కాస్త మెరుపు తగ్గింది. దానికి నా దగ్గర మందుంది."

అతను ఎక్సైటర్ బొత్తాం తిప్పాడు. ధ్వనిలో లేని పై స్వరాలను అది తానే పుట్టించి కలుపుతుంది, మొద్దుబారిన పాటకు పదును వస్తుంది. వచ్చింది. ఎంబీరా కాగే నూనెలో చేపల్లా చిటపటలాడింది.

"ఇది వంటగది. మా ఆయన కాదు."

బ్లెస్‌మోర్‌కు కూడా కోపం వచ్చింది. ఇంకాస్త తిప్పాడు. పాట మధ్యలో జొనాసి తీసుకున్న ఊపిరి లారీ టైరులో గాలి పోయినట్టు బుస్సుమంది. పక్కగదిలో ఎవరో కెవ్వుమన్నారు. మంగలి కత్తితో సహా వచ్చాడు. వెనకే మెడకు గుడ్డ, సగం గుండుతో ఒక పెద్దమనిషి.

"మీ బుసకి ఉలిక్కిపడి తల తిప్పాడు. ఈ గీత చూడండి."

"అవతలికి పోయి ఆ మిగిలిన సగం గీసుకో," అంది ఎసినాతి. "మా తగువు తేలలేదింకా."

చెవుడున్న జొనాసి మాత్రం హాయిగా నవ్వాడు. "ఇప్పుడు బాగుంది. ఇందాక నోట్లో గుడ్డ కుక్కి వాయించినట్టుంది."

"మీరూరుకోండి. పిడుగు పడినా మీకు బాగానే ఉంటుంది."

బయట గోక్వే బస్సు హారన్ కొట్టింది. ఆమె సంచీలోంచి సొరబుర్రను లాగింది. "చెవులు పెట్టి విను. ఇలా మోగాలి," అని బ్లెస్‌మోర్ మొహం ముందు ఊపింది.

అది మోగలేదు. మళ్ళీ ఊపింది.

అతను వంగి చూశాడు. ప్రతి మూత కిందా ఎర్ర ఫ్లానెల్ పీలిక, ముచ్చటైన కుట్టుతో.

"ఇదెవరి పని అమ్మమ్మా?"

ఆమె ఒక పీలికను వేలితో తడిమి అంది, "బస్సు కుదుపులకి మూతలు రాలతాయని..."

"అందం కోసం ముస్తాబు చేశావనుకున్నా, రుటెండో వాళ్ళమ్మా," అన్నాడు జొనాసి.

"అడగొచ్చుగా?"

"అడిగితే తిడతావని."

పీలికలు తీసి మళ్ళీ వాయించే వ్యవధి తగువులోనే అయిపోయింది. ఆమె వాటిని పళ్ళతో తెంపేసింది. "వచ్చాక వాయిస్తాలే," అని అతను పీలికలు ఏరి జేబులో వేసుకుని బస్సెక్కాడు.

చేపల వేపుడు పాటే ఆమెతో ఇంటికి వచ్చింది. రోజూ పెట్టుకుంటుంది, రోజూ బ్లెస్‌మోర్‌ను తిడుతుంది. అక్కడి చలికాలమైన జూన్‌లో బస్సు కండక్టరు జొనాసి సంచీ తెచ్చిచ్చాడు. తిరుగు ప్రయాణానికి అతనే సర్దుకున్న సంచీ. సొరబుర్ర మూతల కింద పీలికలు మళ్ళీ ఉన్నాయి, మగవాడి వంకర కుట్లతో.

జొనాసి తిరిగి రాలేదు. జూన్ మొదటి వారంలో గోక్వేలోనే పోయాడు.