అప్పాయమ్మ నడుముకి సన్మానం

నడుములో రాడ్లూ స్క్రూలూ వేయించుకోని మనిషిదీ ఒక బతుకేనా? నవ్వకండి. పూస జారి, కాళ్లు లాగి, మంచం పట్టినవాళ్లని అడగండి. కలకత్తా సాల్ట్ లేక్‌లో మా ఫ్లాట్ల వాకిళ్లు ఊడ్చే అప్పాయమ్మని అడగండి.

మూరెడు చీపురుతో ఏళ్ల తరబడి వంగి ఊడ్చీ ఊడ్చీ, ఆమె నడుములో ఒక పూస ముందుకి జారిపోయింది. నాలుగడుగులు వేస్తే కాలు తిమ్మిరెక్కి చతికిలబడేది. ఆసుపత్రిలో ఆ పూసని కిందిపూసతో కలిపి స్క్రూలతో బిగించేశారు. ఇప్పుడు చూడండి, ఎంత ఠీవిగా నడుస్తోందో! ఎక్స్‌రే చూసి డాక్టరు మురిసిపోయాడు. అప్పాయమ్మ పెళ్లి ఫోటోని కూడా ఎవరూ అంత మురిపెంగా చూసిన పాపాన పోలేదు.

"ఇంక పనిలోకి ఎల్లొచ్చా బాబూ?" అని అడిగింది.

"హాయిగా వెళ్లు. వంగకూడదు, అంతే."

ఎంత చిన్న షరతు! వంటవాణ్ణి పొయ్యి ముట్టకుండా వండమన్నట్టు. వంగకపోతే ఆ చీపురు నేలకి ఆనదు. ఊడవకపోతే ఉద్యోగం పోతుంది, దాంతో కూతురు రాణి నర్సింగ్ చదువూ పోతుంది. వంగితే స్క్రూలు ఊడతాయేమోనని హడలు. పొడుగు కర్ర చీపురు ఇప్పించండి బాబూ అని పూస జారకముందు నుంచీ మొత్తుకుంటోంది.

ఫ్లాట్ల కమిటీ సెక్రటరీ ప్రదీప్‌కుమార్ గారు "పరిశీలనలో ఉంది" అంటారు. మరి చీపురంటే మాటలా? కొటేషన్లు రావాలి, మీటింగ్ పెట్టాలి, కోరం కుదరాలి. ఎముకకి ఎముక అతకడం సులువు గానీ చీపురుకి కర్ర అతకడం సులువా?

అలాగని కమిటీ చేతులు ముడుచుకు కూర్చోలేదు సుమండీ. ఆధునిక వైద్యం సాధించిన విజయానికి సన్మానసభ పెట్టింది. అప్పాయమ్మ మీద బంతిపూలు చల్లారు, శాలువా కప్పారు, సందేశ్ మిఠాయిలు పంచారు. సెక్రటరీ గారు మైకు వదిలిపెట్టి దిగొచ్చి, నేల మీది పూలు చూశారు.

"మాసీ, ఇవి ఊడ్చెయ్."

"డాక్టరు బాబు వంగొద్దన్నాడు దాదా."

"ఈ మాత్రం వంగితే ఏమవుతుంది? ఇలా చూడు."

చీపురు లాక్కుని, అందరూ చూస్తుండగా వంగారు. రెండు విసుర్లు విసిరారు. మూడోదానికి కెవ్వుమన్నారు. ఇంక లేవలేదు. వంగినవాణ్ణి వంగినట్టే పట్టుకెళ్లి లిఫ్ట్ ఎక్కించారు.

ఆ సాయంత్రమే పొడుగు కర్ర చీపురు వచ్చేసింది. కొటేషనూ లేదు, కోరమూ లేదు. నడుంనొప్పి మహిమ అలాంటిది, అది పట్టాల్సిన నడుముని పట్టాలి గానీ!

మర్నాడు అప్పాయమ్మ నిటారుగా నిలబడి వాకిలంతా ఊడ్చింది. ఎక్కడా కలుక్కుమనలేదు. "ఇంక భయం లేదమ్మా" అంది రాణి సంబరంగా.

అప్పాయమ్మ కర్ర మీద చెయ్యి ఆన్చి, సెక్రటరీ గారి కిటికీ కేసి చూసింది.

"ఆ బాబుకి ఆ నడుమేదో రెండేళ్ల కిందటే పట్టేసుంటే, నాకీ కోత తప్పిపోయుండేది గదే."