మడమ నొక్కితే ఆగాలి కదా

ఆదివారం పొద్దున్న ఏడింటికి మైదానానికి వెళ్ళాలి, తొమ్మిదింటికల్లా మోటారు సైకిలు నేర్చేసుకోవాలి, పదింటికి ఇంటికొచ్చి బట్టలుతుక్కోవాలి. ఇదీ కాలరాయన వేసుకున్న పథకం. పథకాలు వెయ్యడంలో ఆయనకి లోటు లేదు. ఒంటరిగా బతికేవాడి తీరికంతా అందులోనే పోతుంది.

ఆయనకి పేరంటూ ఒకటుండే ఉంటుంది. కానీ యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళుగా చొక్కాలకి కాలర్లు తప్ప మరొకటి కుట్టలేదు కాబట్టి అందరికీ కాలరాయనే. లక్షల కాలర్లు కుట్టిన ఆ మనిషి తన కాలరు ఎగరేసిన రోజు మాత్రం ఒక్కటీ లేదు. పక్క మిషను మీద గుండీలు కుట్టే గుండీలాయన ఒక్కడే ఆయనకి స్నేహితుడు. ఏ చుట్టరికమూ లేకుండానే ఇద్దరూ "బావా" అని పిలుచుకుంటారు. మధ్యాహ్నం అరగంట ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటారు. ఆ అరగంటలో ఆడిన మాటలే రోజు మొత్తం మీద కాలరాయన నోటి నుంచి వచ్చే మాటలు. ఇంటికెళ్తే వినడానికి గోడలు తప్ప ఎవరూ ఉండరు.

అలాంటి అరగంటకే ఎసరొచ్చింది. సోమవారం నుంచి ఫ్యాక్టరీ ఊరి చివర కొత్త షెడ్డుకి మారిపోతోంది. కంపెనీ వ్యాను ఆడవాళ్ళకే చాలదు. మగవాళ్ళలో బండి ఉన్నవాడు, లేనివాణ్ణి వెనక ఎక్కించుకుని రావాలి. అలా ఎక్కించుకునే దిక్కు లేనివాళ్ళు పాత హాల్లోనే ఉండిపోయి, తిరిగొచ్చిన చొక్కాల కుట్లు విప్పుతూ కూర్చోవాలి. సూపర్‌వైజరు జాబితా రాసుకుంటూ "మీకు బండి వచ్చా?" అని అడిగాడు. తాను పలకకపోతే గుండీలాయన ఇంకెవడి వెనకో ఎక్కేస్తాడన్న భయంతో, "వచ్చు సార్! బావ నా వెనకాలే వస్తాడు!" అనేశాడు కాలరాయన. ఇరవై రెండేళ్ళలో ఆ సూపర్‌వైజరుతో ఆయన అన్న అతి పెద్ద మాట అది. అదీ అబద్ధం.

శనివారం ఫ్యాక్టరీ మెకానిక్కు దగ్గరే ఒక పాత బండి కొన్నాడు. నేర్పే పూచీ కూడా మెకానిక్కే తీసుకున్నాడు. అన్నట్టే ఆదివారం ఏడింటికి మైదానానికొచ్చాడు.

"ఇదిగో మాస్టారూ, ఎడమచేతి కింద క్లచ్చి. ఎడమకాలి కింద గేరు. ముందు కాలివేళ్ళతో నొక్కితే ఫస్టు. ఆ తర్వాత మడమతో నొక్కుతూ పోతే సెకండు, థర్డు, టాపు. కుడికాలి కింద బ్రేకు. క్లచ్చి నెమ్మదిగా వదలాలి. టక్కున వదిలారా, చచ్చి ఊరుకుంటుంది."

"నెమ్మదిగా అంటే ఎంత నెమ్మదిగా?"

"ఎంతంటే ఏం చెప్పను? వదలాలీ అనిపించకుండా వదలాలి."

కాలరాయన వదిలాడు. బండి కప్పలా ఒక్క గెంతు గెంతి చచ్చి ఊరుకుంది. మళ్ళీ తన్ని లేపాడు, మళ్ళీ గెంతింది. పదకొండు గెంతులయ్యేసరికి మైదానంలో వాకింగుకి వచ్చినవాళ్ళు వాకింగు మానేసి చూడ్డం మొదలెట్టారు.

"మాస్టారూ, కాలరు మూల తిప్పేటప్పుడు సూది కిందకి గుడ్డ ఎలా తోస్తారు? అలా వదలండి" అన్నాడు మెకానిక్కు విసుగొచ్చి.

ఆ మాట మాత్రం ఎక్కింది. కాలరాయన కళ్ళు సగం మూసి, ఎడమచేతి వేళ్ళని దారమంత దారమంత వదిలాడు. ఒకచోట బండి లోపల ఏదో పట్టుకున్నట్టు తెలిసింది. అక్కడ చెయ్యి ఒక్క క్షణం నిలిపాడు. బండి ఒళ్ళు విరుచుకుని, బుద్ధిగా కదిలింది.

"అంతే మాస్టారూ! అచ్చం మన మిషను లాగే అనుకోండి, ఇంక భయమే లేదు!" అని అరిచాడు మెకానిక్కు. అంతలో అతని ఫోను మోగింది. పాత హాల్లో మిషన్లు ఊడదియ్యడానికి సూపర్‌వైజరు రమ్మంటున్నాడు. తన హెల్మెట్టు తీసి కాలరాయన నెత్తిన పెట్టి, గడ్డం కింద బిగించి, "ఇలాగే నాలుగు చుట్లు కొట్టండి, వచ్చేస్తుంది" అని వెళ్ళిపోయాడు. మెకానిక్కుది పెద్ద తల. కాలరాయన తల ఆ హెల్మెట్టులో డబ్బాలో గింజలా కదిలింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఫ్యాక్టరీలో మోటారు మిషను కింద ఒక పెడలుంటుంది. కాలివేళ్ళతో నొక్కితే మిషను పరుగెడుతుంది. మడమతో నొక్కితే ఉన్న కుట్టు మీదే టక్కున ఆగుతుంది. ఇరవై రెండేళ్ళు రోజుకి తొమ్మిది గంటలు ఆ కాళ్ళు నేర్చుకున్న చదువు అదొక్కటే. బడి ఎప్పుడో మానేసిన మనిషికి అంతకన్నా గట్టి చదువు లేదు.

మైదానం గేటు దగ్గర ఒక ముసలాయన అడ్డొచ్చాడు. కాలరాయన గుండె ఆగింది, బండి ఆగాలి కాబట్టి మడమతో నొక్కాడు. బండి ఆగకపోగా సెకండులో పడి గేటు దాటేసింది. ముసలాయన ఎగిరి పక్కకి దూకి తప్పించుకున్నాడు. రోడ్డు మీదికి రాగానే ఇంకా గట్టిగా మడమ నొక్కాడు. థర్డు. "ఆగవే!" అని ఇంకోసారి. టాపు. కుడికాలి కింద బ్రేకుందని మెకానిక్కు చెప్పిన మాట గుర్తుంది. కానీ అది వేళ్ళతో నొక్కాలి. వేళ్ళతో నొక్కితే పరుగెడుతుందని కాలికి తెలుసు. అందుకని ఏ ప్రమాదమూ రాకుండా కుడికాలిని గాల్లోకి ఎత్తి పట్టుకున్నాడు. యాక్సిలరేటరు మీద కుడిచెయ్యి బిగుసుకుపోయింది. క్లచ్చి జోలికి పోలేదు. పదకొండుసార్లు చచ్చీ చెడీ వదిలినదాన్ని మళ్ళీ పట్టుకోవడానికి మనసొప్పలేదు.

బండి గురకపెడుతూ ఆయన వీధిలోకి తిరిగింది. ఆ కాలనీ నాలుగు వీధులూ చతురస్రంగా ఉంటాయి. ఎడమవైపుకి తిప్పడం ఒక్కటే చేతనైంది కాబట్టి తిరిగి తిరిగి అవే వీధులు. ఆయన అద్దెకుండే ఇంటి గేటు ఎదురుగా ఒక స్పీడ్ బ్రేకరుంది. గేటు దగ్గర ఇంటిగలావిడ నిలబడి ఉంది.

"ఏమండోయ్, బండి కొన్నారా?"

ముందు చక్రం ఎక్కినప్పుడొకసారి, వెనక చక్రం ఎక్కినప్పుడొకసారి హెల్మెట్టు కిందికీ పైకీ ఊగింది. తొమ్మిదేళ్ళుగా "ఊ" తప్ప వినని ఆవిడ, ఆయన రెండుసార్లు తలూపడం చూసి మురిసిపోయింది.

రెండో చుట్టులో "ఏంటండీ ఇంత హుషారు? శుభవార్తేమైనా ఉందా?" అంది. హెల్మెట్టు ఉందన్నట్టు రెండుసార్లూగింది. లోపల కాలరాయన "ఆగట్లేదమ్మా!" అని గొంతు చించుకున్నాడు. ఆ అరుపు అద్దానికి ఆవిరిలా పట్టింది తప్ప బయటికి రాలేదు.

యాభై దగ్గరపడుతున్న ఒంటికాయ సొంటికొమ్ము, కొత్తగా బండి, కాలు గాల్లోకెత్తి విలాసంగా షికార్లు. ఇంటిగలావిడకి లెక్క తేలిపోయింది. మూడో చుట్టుకి రోడ్డు మధ్యకే వచ్చి, "పెళ్ళి కుదిరిందా?" అని కేకేసింది. హెల్మెట్టు ఒప్పుకుంది.

నాలుగో చుట్టుకి కాలనీ సెక్రటరీ పేపరు చంకలో పెట్టుకుని దిగాడు. "కమ్యూనిటీ హాలు మీ పేరున రాసేయమంటారా? మళ్ళీ ఖాళీ ఉండదు!" రాసేయమంది హెల్మెట్టు. రాసేశాడు.

అయిదో చుట్టుకి పన్నెండుమంది పోగయ్యారు. "ఆవిడ మాకు తెలిసినావిడేనా?" అని ఎవరో అడిగారు. తల రెండుసార్లూగింది. సరిగ్గా అప్పుడే, మూడో ఇంట్లో ఒక్కతే ఉండే నర్సమ్మ ఆసుపత్రి డ్యూటీ దిగి బ్యాగుతో వస్తోంది. పన్నెండుమంది చూపులూ ఆవిడ మీద పడ్డాయి.

"ఎంత గుట్టమ్మా నీది!" అంది ఇంటిగలావిడ.

నర్సమ్మకి సంగతి తెలిసేసరికి ఆరో చుట్టు వచ్చింది. ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని ఎదురుగా నిలబడి, "ఏమండీ, వీళ్ళనేది నా గురించేనా?" అని నిలదీసింది. హెల్మెట్టు నిదానంగా, గౌరవంగా రెండుసార్లూగింది. జనం చప్పట్లు కొట్టారు.

చప్పట్ల మధ్యలోంచి గుండీలాయన పరిగెత్తుకొచ్చాడు. బావ బండి ఎలా నేర్చుకుంటున్నాడో చూద్దామని వచ్చి, పెళ్ళి మాట విన్నాడు. బండి పక్కన రొప్పుతూ పరిగెడుతూ, "ఊరంతా చెప్పి నాకు చెప్పలేదేం బావా? నేను పరాయివాణ్ణయిపోయానా?" అన్నాడు. ఆ గొంతులో బాధ కాలరాయనకి హెల్మెట్టు లోపలికి కూడా వినపడింది. కాదని చెప్పడానికి తల అడ్డంగా ఊపబోయాడు. తల లోపల తిరిగింది గాని హెల్మెట్టు తిరగలేదు. దానికి తెలిసిందల్లా ఔననడమే.

ఏడో చుట్టులో ఒక చిత్రం జరిగింది. మలుపు తిరగ్గానే గేట్ల నిండా మనుషులు కనపడ్డారు. ఒకరు చెయ్యూపారు. ఒకాయన "జాగ్రత్త కొత్త పెళ్ళికొడకా!" అన్నాడు. తొమ్మిదేళ్ళలో ఆ వీధిలో తనకోసం ఎదురుచూస్తూ ఎవరూ నిలబడలేదు. కాలరాయన లోపల అరవడం మానేశాడు. మడమ నొక్కడం కూడా మానేశాడు. ఆ ఒక్క చుట్టూ ఆయన బండి ఆగాలని కోరుకోలేదు.

దాంతో బండి ఆగిపోయింది. ట్యాంకులో ఉన్న కాస్త పెట్రోలూ అయిపోయి, సరిగ్గా జనం ముందు, దగ్గి ఊరుకుంది. గాల్లో ఉన్న కుడికాలిని కింద పెట్టాలని తోచేలోపే బండీ, ఆయనా మెల్లిగా ఆ పక్కకి ఒరిగిపోయారు. నలుగురూ లేపి హెల్మెట్టు తీశారు.

"ఏమైంది మాస్టారూ? ఆనందం పట్టలేకపోయారా?" అన్నాడు సెక్రటరీ.

"బండి ఆగలేదండీ" అన్నాడు కాలరాయన. "ఏడు చుట్ల నుంచి ఆపుదామనే చూస్తున్నాను."

"మరి పెళ్ళి?"

"ఏం పెళ్ళి?"

నర్సమ్మ ముందుకొచ్చింది. "నేనడిగితే రెండుసార్లు తలూపారు కదండీ?"

"అది స్పీడ్ బ్రేకరండీ."

నర్సమ్మ ఆయన్నీ, స్పీడ్ బ్రేకర్నీ మార్చి మార్చి చూసింది. "పోనీలెండి. ఇన్నాళ్ళకి స్పీడ్ బ్రేకరైనా నా గురించి ఆలోచించింది" అని తలుపేసుకుంది. ఆవిడ నవ్విందో ఏడ్చిందో ఎవరికీ కనపడలేదు. "రాసింది కొట్టేయాలంటే అర్జీ పెట్టుకోవాలి" అని గొణిగి సెక్రటరీ వెళ్ళాడు. "పెద్దమనిషనుకున్నాను" అని ఇంటిగలావిడ గేటేసింది. రెండు నిమిషాల్లో వీధి ఎప్పటిలా అయిపోయింది. గుండీలాయన ఒక్కడూ మిగిలి, బండి తోయడానికి ఒక చెయ్యి వేశాడు.

"బావా, ఏమీ అనుకోకు" అన్నాడు తోస్తూ. "నాకు ఇద్దరు పిల్లలు. నీ వెనక నేనెక్కలేను. పాత హాల్లోనే ఉండిపోతానని సూపర్‌వైజరుకి ఫోను చేసేశాను."

"ఎప్పుడు?"

"ఆరో చుట్టులో."

కాలరాయన బండిని పెట్రోలు బంకు దాకా తోసుకుంటూ పోయాడు. ఇదంతా నీకోసమేనని చెప్పడానికి నోరు రాలేదు. ఆ మధ్యాహ్నం మెకానిక్కుని బతిమాలి మళ్ళీ మైదానానికి రప్పించాడు. ఈసారి పొద్దు వాలేదాకా ఒకటే పని. కుడికాలి వేళ్ళతో నొక్కడం, ఎడమచేత్తో క్లచ్చి పట్టుకోవడం, ఆగడం. వందసార్లు ఆగాడు. ఇరవై రెండేళ్ళ చదువుని కాళ్ళలోంచి ఒక్కో కుట్టూ విప్పుకున్నాడు. రేపు బావ గుమ్మం ముందు బండి ఆపి చూపిస్తే, ఎందుకెక్కడు?

సోమవారం పొద్దున్న గుండీలాయన ఇంటి ముందు బండి బుద్ధిగా ఆగింది. "ఇప్పుడే పాత హాలుకి వెళ్ళిపోయారన్నయ్యా" అంది అతని భార్య. కాలరాయన అక్కడికి ఉరికాడు. పాత హాలు గేటు ముందు సామాన్లు లారీకెక్కిస్తూ సూపర్‌వైజరున్నాడు. కిటికీలోంచి లోపల ఎనిమిదిమంది కనపడ్డారు. అందరూ వ్యానూ బండీ దొరక్క మిగిలిపోయినవాళ్ళే. చొక్కాల గుట్ట చుట్టూ గుండ్రంగా కూర్చుని కుట్లు విప్పుతున్నారు. గుండీలాయన ఏదో చెబుతున్నాడు. మిగతా ఏడుగురూ పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. ఏం చెబుతున్నాడో కాలరాయన ఊహించుకోగలడు. అయినా ఆ నవ్వుల మధ్య ఒక ఖాళీ బల్ల కనపడగానే ఆయన ప్రాణం అక్కడికి లాగింది.

గేటు ముందున్న తెల్లగీత మీద వెంట్రుకవాసి తేడా లేకుండా బండి ఆపి, దిగి, "సార్, నాకు బండి రాదు సార్. నేనూ పాత హాల్లోనే ఉండిపోతాను" అన్నాడు.

సూపర్‌వైజరు గీత వంక చూశాడు, బండి వంక చూశాడు. "బండి రాదా? మరి ఇప్పుడు మీరు దాన్ని తీసుకొచ్చారా, అది మిమ్మల్ని తీసుకొచ్చిందా? రానివాళ్ళకే ఇక్కడ చోటు. పదండి పదండి."

కొత్త షెడ్డులో కాలర్లకి వేరే గది కట్టారు. నాలుగు గోడలు, ఒక మిషను, ఒక కుర్చీ. "బాగా నేర్చుకున్నారు కాబట్టి మీకే ఇచ్చాను. ఇక్కడ మిమ్మల్ని కదిపేవాళ్ళుండరు, హాయిగా ఉంది కదూ?" అన్నాడు సూపర్‌వైజరు తలుపు దగ్గరికి వేస్తూ.

"అవును సార్" అన్నాడు కాలరాయన, మంగళవారం పొద్దుటి దాకా ఆయన నోటి నుంచి వచ్చిన ఆఖరి మాట అదే.