చూసి దించండి, చిత్రకారులు కండి!

మనిషి ముఖం బొమ్మ వేయడం నేర్చుకోవాలంటే ముందు మనుషుల్ని చూడటం మానెయ్యాలి!

నవ్వకండి. ఎదురుగా కూర్చున్న మనిషి కదులుతాడు, తుమ్ముతాడు, మధ్యలో టీ అడుగుతాడు. తీరా అయ్యాక ‘నా ముక్కు అంత లావా?’ అని తగువుకొస్తాడు. అదే, ఎప్పుడో పోయిన యూరప్ చిత్రకారుడు వేసిన బొమ్మను గోడకు తగిలించుకుని కాపీ కొట్టారనుకోండి, అందులోని దొరసాని నోరెత్తుతుందా?

దక్షిణ చైనాలో మా వీధి వీధంతా ఇలాగే కాపీలు వేసి అమ్ముకుని బతుకుతోంది. కాన్వాసులు వరసగా పెట్టుకుంటాం. ఒకరు కళ్లే వేస్తారు, ఇంకొకరు ముక్కులే. మా పక్కింటి షాంగ్వాన్ జన్మలో చెవి వేసి ఎరగడు. ఎందుకెయ్యాలి? చెవులు అతని బావమరిది డిపార్ట్‌మెంటు! నేను మాత్రం మా గురువు కువాంగ్ మాస్టారి దయవల్ల ముఖం మొత్తం వేస్తాను. ఒకే ముఖం లెండి. నీలం శాలువా కప్పుకున్న దొరసాని. కళ్లు మూసుకుని వేసేస్తాను, కింద మూలన ఆ పోయిన మహానుభావుడి సంతకంతో సహా.

మొన్న మా ఆవిడ పెయ్‌జెన్ యాభయ్యో పుట్టినరోజు. ఊరూరికీ దొరసానిని పంచిపెట్టావు, నా బొమ్మ ఒక్కటి వేసిపెట్టలేవా అని నిలదీసింది. కాదంటే ఇంట్లో గంజి పుడుతుందా? కిటికీ పక్కన కూర్చోబెట్టాను. ఎంత వేసినా కనుబొమలు దొరసానివే వస్తాయి! తుడిచి తుడిచి, ఇక తప్పక ఆవిడకేసి చూశాను. ఎడమ కంటి కింద చిన్న పుట్టుమచ్చ. ఇదెప్పుడొచ్చిందని అడిగితే పెళ్లినాటికే ఉందంది. చెప్పొద్దూ, సిగ్గుతో చచ్చిపోయాను. ఆ మచ్చ దగ్గర మొదలుపెట్టి, చూస్తూ చూస్తూ వేశాను. కుదిరింది. అచ్చం మా పెయ్‌జెనే! ఆ ఆనందంలో మూలన సంతకం కూడా గీకేశాను.

ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని మురిసిపోతూ చూసింది. చూపు కింద మూలకొచ్చి ఆగింది.

“ఏమయ్యా, పొద్దుట్నుంచీ నా ఎదురుగా కూర్చున్నది నువ్వే కదా? మరి ఈ దొరెవరు?”

అలవాటు కొద్దీ ఆ మహానుభావుడి సంతకమే పడింది! గబగబా గుడ్డతో తుడిచాను.

“ఇప్పుడు నీ పేరు పెట్టు. అది లేకపోతే నాకీ బొమ్మ వద్దు” అంది పెయ్‌జెన్.

కుంచె ముంచాను. చేతికి ఆ మహానుభావుడి సంతకం తప్ప ఇంకోటి రాదే!

అయినా సరే, కాపీని మించిన చదువు లేదనే అంటాను. పాఠకుల్లో ఎవరి దగ్గరైనా నా సంతకం ఉంటే కాస్త పంపండి, చూసి దించుకుంటాను!